అమెరికా ఫోన్ ఇక్కడ, మన ఫోన్ అక్కడ: ఏది పలుకుతుంది, ఏది పలకదు

ప్రశ్న: మాది హైదరాబాద్, దిల్‌సుఖ్‌నగర్. అమెరికాలో ఫ్రిస్కోలో ఉండే మా అబ్బాయి కొత్త ఫోన్ కొనుక్కుని, తను వాడిన ఐఫోన్ 15ని వాళ్లమ్మ కోసం స్నేహితుడితో పంపించాడు. అక్కడి ఫోన్ కంపెనీ ఏటీఅండ్‌టీలో వాయిదాల మీద తీసుకున్నదట, ఇంకో ఏడాది వాయిదాలు ఉన్నాయి. దీంట్లో సిమ్ పెట్టే చోటే లేదు. అబిడ్స్‌లో ఒక షాపులో చూపిస్తే ‘లాక్ ఫోన్ సార్, నాలుగు వేలిస్తే రెండు రోజుల్లో లాక్ తీసి, మేడం జియో నంబర్‌ని ఈ-సిమ్ చేసి ఇస్తా’ అన్నాడు. ఇవ్వమంటారా? ఇంకో సంగతి. వచ్చే నెల మేమిద్దరం ఐదు నెలలకి అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాం. నాది శాంసంగ్ ఎస్23, ఎయిర్‌టెల్ ప్రీపెయిడ్. మా ఆవిడది ఇక్కడే కొన్న రెడ్‌మి, అందులో జియో ప్రీపెయిడ్. ఇవి అక్కడ పనిచేస్తాయా? బ్యాంకు ఓటీపీలు ఎలా?

సమాధానం: నాలుగు వేలు ఇవ్వకండి. అంతకంటే ముఖ్యం, జియో నంబర్‌ని ఇప్పుడే ఈ-సిమ్‌గా (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఉండే సిమ్‌గా) మార్చనివ్వకండి. ఈ-సిమ్ తయారవ్వగానే పాత సిమ్ కార్డు చచ్చిపోతుంది. లాక్ ఉన్న ఐఫోన్ జియోని రానివ్వదు. అప్పుడు మీ ఆవిడ నంబరు రెడ్‌మిలోనూ ఉండదు, ఐఫోన్‌లోనూ ఉండదు. మళ్లీ ఆధార్ పట్టుకుని జియో స్టోర్‌కి వెళ్లి కొత్త కార్డు తీసుకోవాలి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

ముందు లాక్ సంగతి మీరే చూసుకోవచ్చు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్ తెరిచి కిందికి జరపండి. క్యారియర్ లాక్ అనే వరుస ఉంటుంది. దాని ఎదురుగా ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటే ఏ దేశపు నెట్‌వర్క్ అయినా వేసుకోవచ్చు. ‘సిమ్ లాక్డ్’ అని ఉంటే అది ఏటీఅండ్‌టీ సొత్తు కిందే లెక్క. ఈ లాక్ ఫోన్ లోపల ఎక్కడో దాక్కున్న పాస్‌వర్డ్ కాదు, ఎవరో పగలగొట్టడానికి. ఏ ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్) ఏ కంపెనీకి కట్టుబడి ఉందో యాపిల్ సర్వర్లో రాసి ఉంటుంది. ఆ రాత మార్చమని చెప్పగలిగేది లాక్ వేసిన కంపెనీ ఒక్కటే.

మరి షాపులవాళ్లు తీస్తామనేది ఏమిటి? పాత ఐఫోన్లలో అయితే నానో సిమ్ కింద కాగితమంత పల్చటి చిప్ ఒకటి అతికించి ట్రేలోకి తోసేవారు. ఆర్-సిమ్ అంటారు దాన్ని. ఇది ఏటీఅండ్‌టీ సిమ్మే అని ఫోన్‌కి అబద్ధం చెప్పడం దాని పని. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చినా, ఫోన్ రీసెట్ చేసినా ఆ అబద్ధం బయటపడి మళ్లీ మొదటికొస్తుంది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకి సిమ్ ట్రేనే లేదు కాబట్టి మీ ఫోన్‌కి ఆ కిటుకు కూడా కుదరదు. ఫోన్ విప్పి ట్రే బిగిస్తామనేవాళ్లూ ఉన్నారు. విప్పితే నీళ్లు చొరకుండా ఉండే సీలు పోతుంది, లాక్ మాత్రం ఎక్కడున్నది అక్కడే. ఇక మిగిలింది, మీ ఐఎంఈఐ నంబర్‌ని ఏదో దళారీ సైటుకి పంపించి, డబ్బు కట్టి, ఎదురుచూడటం. వాయిదాలు బాకీ ఉన్న ఫోన్‌కి అక్కడ అనుమతి రాదు. మీ నాలుగు వేలు తిరిగి రావడం ఆ షాపాయన మంచితనం మీద ఉంటుంది.

దారి మీ అబ్బాయి చేతిలో ఉంది. పోస్ట్‌పెయిడ్ ఫోన్‌కి ఏటీఅండ్‌టీ పెట్టే ముఖ్యమైన షరతులు మూడు: ఫోన్ బాకీ మొత్తం తీరాలి, వాళ్ల నెట్‌వర్క్‌లో కనీసం 60 రోజులు నడిచి ఉండాలి, పోయిందనో దొంగిలించారనో ఫిర్యాదు ఉండకూడదు. రెండోది, మూడోది ఎలాగూ సరే. ఐఫోన్ 15, 128 జీబీది 2023లో వచ్చిన కొత్తలో అక్కడ సుమారు 830 డాలర్లు ఉండేది. 36 నెలల వాయిదా అంటే నెలకి 23 డాలర్ల పైచిలుకు. ఇంకా 12 నెలలు ఉంటే బాకీ దాదాపు 277 డాలర్లు. పాత ఫోన్ ఇచ్చి ఆఫర్లో తీసుకుని ఉంటే నెలనెలా బిల్లులో రాయితీ జమ అవుతూ ఉంటుంది. బాకీ ఒకేసారి కడితే ఆ మిగతా రాయితీ ఉంటుందా, పోతుందా అని కట్టకముందే అడగమనండి. చాలామంది ఇక్కడే నష్టపోతారు. బాకీ తీరాక ఏటీఅండ్‌టీ సైటులో డివైస్ అన్‌లాక్ పేజీలో ఐఎంఈఐ వేసి అడగాలి. వాళ్లు పంపే మెయిల్లోని లింకుని 24 గంటల్లోపు నొక్కకపోతే ఆ అర్జీ రద్దయిపోతుంది. అనుమతి వచ్చాక ఫోన్‌ని వైఫైకి కలిపి అబౌట్ పేజీలో మళ్లీ చూడండి. అప్పటికీ ‘సిమ్ లాక్డ్’ అనే ఉంటే బ్యాకప్ తీసుకుని, ఫోన్ మొత్తం ఎరేజ్ చేసి, మళ్లీ మొదలుపెడితే సరిపోతుంది.

లాక్ అని ఇంకోదాన్ని కూడా అంటారు, రెండూ కలిపేసుకోకండి. మీ అబ్బాయి యాపిల్ ఐడీ ఆ ఫోన్‌లో అలాగే ఉండి, ఫైండ్ మై (పోయిన ఫోన్‌ని వెతికే సదుపాయం) ఆన్‌లో ఉంటే, ఎరేజ్ చేశాక ఆ ఐడీ పాస్‌వర్డ్ అడుగుతుంది. అది యాక్టివేషన్ లాక్. దానికి ఏటీఅండ్‌టీతో సంబంధం లేదు. అబ్బాయి అక్కడి నుంచే తన ఖాతాలోకి వెళ్లి ఈ ఫోన్‌ని తీసేస్తే రెండు నిమిషాల్లో పోతుంది.

వచ్చే నెలే ప్రయాణం కాబట్టి, మాట వరసకి కాదు, నిజంగానే మేం చెప్పేది ఒకటే: ఆ ఐఫోన్‌ని సంచిలో వేసుకుని వెనక్కి తీసుకెళ్లండి. లాక్ ఉన్నా ఏటీఅండ్‌టీలో అది భేషుగ్గా పనిచేస్తుంది. అబ్బాయి తన ప్లాన్‌లోనే ఇంకో లైను కలిపి ఈ-సిమ్ వేసిస్తే ఐదు నెలలూ మీ ఆవిడకి అదే అమెరికా ఫోన్. ఈలోగా బాకీ సంగతి అతను తేల్చుకోవచ్చు.

ఇప్పుడు మీ ఫోన్లు. పరాయి దేశపు నెట్‌వర్క్‌లో ఫోన్ పనిచెయ్యాలంటే లాక్ లేకపోవడం ఒకటే చాలదు. అక్కడి టవర్ వాడే బ్యాండ్లు, అంటే సిగ్నల్ నడిచే తరంగాల వరుసలు, ఫోన్‌లో ఉండాలి. ఆ పైన, 4జీ మీద కాల్ చేసే వోల్ట్ (VoLTE) సదుపాయాన్ని ఆ కంపెనీ మీ మోడల్‌కి ఒప్పుకోవాలి. ఈ చివరిదే మనవాళ్లకి తెలియక, దిగాక తలపట్టుకునేది. అమెరికాలో 3జీ లేదు. 2022 ఫిబ్రవరిలో ఏటీఅండ్‌టీ, అదే ఏడాది జులైలో టీ-మొబైల్, డిసెంబర్‌తో వెరైజన్ మూసేశాయి. మన దగ్గర ఎయిర్‌టెల్ ఫోన్‌లో వోల్ట్ లేకపోయినా 2జీ మీద మాట్లాడుకుంటాం. అక్కడ అలా ఆదుకునే నెట్‌వర్క్ లేదు. నెట్ వస్తుంది, యూట్యూబ్ ఆడుతుంది, కాల్ మాత్రం పోదు. ఎమర్జెన్సీ నంబర్ 911 కూడా అంతే. (ఇదే చిక్కు ఇటువైపు జియోతో. 2016లో మొదలైన రోజు నుంచీ జియోకి 2జీ, 3జీ లేవు. విదేశీ మోడల్లో జియో వోల్ట్ లేకపోతే డేటా వచ్చి కాల్స్ రావు. ఐఫోన్ 15కి ఆ బెంగ లేదు, మన బ్యాండ్లన్నీ దాదాపు ఉన్నాయి.)

మన దేశంలో 4జీ ఎక్కువగా 1, 3, 5, 8, 40 నంబర్ల బ్యాండ్ల మీద నడుస్తుంది. 5జీకి ఎన్78, జియోకి అదనంగా ఎన్28. అమెరికాలో ముఖ్యమైనవి 2, 4, 66, గోడలు దాటి ఇంట్లోకి వచ్చే 12, వెరైజన్‌కి 13, టీ-మొబైల్‌కి దూరం పాకే 71. 5జీకి టీ-మొబైల్‌లో ఎన్41, ఎన్71, మిగతా ఇద్దరికీ ఎన్77. మీ ఎస్23 భారత్ మోడల్లో 2, 4, 12, 13, 66, ఎన్41, ఎన్77 ఉన్నాయి. 71 లేదు. ఫ్రిస్కో, డల్లాస్ చుట్టుపక్కల దానివల్ల తేడా తెలియదు. కారులో టెక్సాస్ పల్లెల మీదుగా వెళ్తుంటే అబ్బాయి ఫోన్‌కి సిగ్నల్ ఉండి మీకు లేకపోవచ్చు, అంతే.

మీ ఆవిడ రెడ్‌మి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. మన మార్కెట్ కోసం చేసిన మధ్యరకం ఫోన్లలో 2, 4, 12, 66 అన్నీ సాధారణంగా పెట్టరు. బాల్కనీలో ఒక గీత, వంటింట్లోకి వస్తే ‘నో సర్వీస్’. బ్యాండు దొరికినా ఏటీఅండ్‌టీ తన జాబితాలో ఉన్న మోడళ్లనే రానిస్తుంది. వైఫై మీద టీవీ సీరియళ్లు చూసుకోవడానికి అది చాలు.

నమ్మకం కుదరాలంటే వెళ్లకముందే తేల్చుకోండి. *#06# డయల్ చేస్తే రెండు ఐఎంఈఐలు కనిపిస్తాయి, ఒక్కోటి 15 అంకెలు. అక్కడి కంపెనీ సైటులో ‘మీ సొంత ఫోన్ తెచ్చుకోండి’ అనే అర్థంలో ఒక పేజీ ఉంటుంది. అందులో ఐఎంఈఐ, అడిగితే అబ్బాయి ఇంటి జిప్ కోడ్ వెయ్యాలి. మీరు వాడబోయేది ఈ-సిమ్ కాబట్టి రెండో ఐఎంఈఐతో చూడండి. ఎస్23కి మా ఓటు టీ-మొబైల్‌కి, లేదా దాని టవర్ల మీదే నడిచే మింట్ లాంటి చవక కంపెనీలకి. బయటి దేశపు మోడళ్ల విషయంలో టీ-మొబైల్‌కి పట్టింపు తక్కువ. ఏటీఅండ్‌టీ, దాని కింద నడిచే క్రికెట్ మాత్రం జాబితాలో లేని ఫోన్‌ని మొహమాటం లేకుండా తిప్పి పంపుతాయి. సిమ్ వేసిన రోజే అబ్బాయి ఫోన్‌కి ఒక కాల్ చేసి, మాట్లాడుతుండగా పైన చూడండి. 4జీ లేదా 5జీ గుర్తు అలాగే ఉంటే వోల్ట్ నడుస్తున్నట్టే. కాల్ కలవకుండానే తెగిపోతుంటే సెట్టింగ్స్, కనెక్షన్స్, మొబైల్ నెట్‌వర్క్స్‌లో వోల్ట్ కాల్స్ బటన్ ఆన్‌లో ఉందో లేదో చూసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ఇక ఓటీపీలు. ఈ ఐదు నెలలూ మీ ఇండియా నంబర్లకి ఒకటే ఉద్యోగం, ఎస్సెమ్మెస్ అందుకోవడం. కాల్స్‌కి వాడొద్దు, డేటాకి అసలే వాడొద్దు. రోమింగ్‌లో వచ్చే ఎస్సెమ్మెస్‌కి మన కంపెనీలు సాధారణంగా ఏమీ తీసుకోవు. ఎత్తిన కాల్‌కి మాత్రం నిమిషాల లెక్కన తీసుకుంటాయి. ప్యాక్ లేకుండా డేటా కదిలితే ఎంబీల లెక్కన గుంజుతాయి.

ఇందులో రెండు స్విచ్‌లు ఉన్నాయి, పేర్లు ఒకేలా ఉండటంతో జనం తారుమారు చేస్తారు. ఇంటర్నేషనల్ రోమింగ్ అనేది ఎయిర్‌టెల్, జియో వాళ్ల దగ్గర ఉండే సేవ. అది ఆన్‌లో ఉండాలి, లేకపోతే అక్కడి టవర్ మీ సిమ్‌ని పలకరించదు. ప్రయాణానికి రెండు మూడు రోజుల ముందే వాళ్ల యాప్‌లో చూసుకోండి. డేటా రోమింగ్ అనేది మీ ఫోన్‌లో ఉండేది. అది ఇండియా సిమ్‌కి ఆఫ్‌లో ఉండాలి. ‘ఖర్చవుతుందేమో’ అని రెండూ ఆపేసుకుని, అక్కడికెళ్లాక ఓటీపీ రావట్లేదని గాబరాపడేవాళ్లే ఎక్కువ.

ఎస్23లో అమరిక ఇలా పెట్టుకోండి. ఒకటో స్లాట్‌లో మీ ఎయిర్‌టెల్, రెండో స్లాట్‌లో మీ ఆవిడ జియో, అమెరికా నంబరు ఈ-సిమ్‌గా. ఒకేసారి రెండే ఆన్‌లో ఉంటాయి. కాబట్టి ఎయిర్‌టెల్ ఆన్‌లో ఉండగా జియో, ఈ-సిమ్‌లలో ఒకటి ఆన్ చేయాలంటే రెండోది ఆపాలి. మామూలు రోజుల్లో ఎయిర్‌టెల్, ఈ-సిమ్ ఆన్‌లో ఉంచండి. మొబైల్ డేటా, కాల్స్ రెండింటికీ సిమ్ మేనేజర్‌లో ఈ-సిమ్‌నే ఎంచండి. డేటా సిమ్‌ని ఫోన్ తనంతట తాను మార్చుకునే ఆప్షన్ ఉంటే ఆపేయండి. జియో నంబర్‌కి ఓటీపీ రావాల్సినప్పుడు ఇంటి వైఫై మీద ఉండి, ఈ-సిమ్ ఆపి జియో ఆన్ చేసి, పైన నెట్‌వర్క్ పేరు కనిపించేదాకా రెండు మూడు నిమిషాలు ఆగి, ఆ తర్వాతే బ్యాంకు సైటులో బటన్ నొక్కండి. ముందే నొక్కితే ఓటీపీ గడువు దారిలోనే అయిపోతుంది. సిగ్నల్ ఉన్నా మెసేజ్ రాకపోతే నెట్‌వర్క్ ఆపరేటర్స్‌లో ఆటోమేటిక్ తీసేసి, కనిపించే జాబితాలోంచి రెండో కంపెనీని ఎంచి చూడండి. చాలాసార్లు దాంతో కదులుతుంది. బ్యాంకు ఈమెయిల్‌కి కూడా ఓటీపీ పంపే సదుపాయం ఇస్తుంటే ఇక్కడే పెట్టించుకోండి.

వ్యాలిడిటీ మీద ఒక నిమిషం. ఐదు నెలలంటే 150 రోజులు. 84 రోజుల ప్లాన్ వేసుకుని వెళ్తే మూడో నెలలో అయిపోతుంది, ఆ తర్వాత ఓటీపీలూ ఆగిపోతాయి. రీచార్జ్ చేద్దామంటే కార్డుకి ఓటీపీ కావాలి, ఆ ఓటీపీ వచ్చేది అదే ఆగిపోయిన నంబర్‌కి! ఈ బోనులో పడకండి. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్ మాత్రమే ఇచ్చే ప్లాన్లు కూడా పెట్టాలని 2024 డిసెంబర్‌లో టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన తెచ్చింది, వాటి వ్యాలిడిటీ 365 రోజుల దాకా ఉండొచ్చు. యాప్‌లో ముందు వరసలో కనిపించవు, కాస్త కిందికి వెతకాలి. మీకు కావాల్సినవి అవే. ఎందుకైనా మంచిది, ఇక్కడ ఉండే బంధువు ఒకరికి మీ నంబర్లు, గడువు తేదీలు చెప్పి ఉంచండి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే కంపెనీ నంబర్‌ని తీసేసుకోవచ్చు. ఖాతాలో 20 రూపాయలైనా ఉంటే ఇంకో 30 రోజులు నిలుపుతారు. అది నంబర్ నిలుపుకోవడానికే, ఓటీపీకి కాదు.

శంషాబాద్ బయలుదేరేలోపు ఇంకొన్ని. మిస్డ్ కాల్ అలర్ట్ లాంటివాటి కోసం కాల్ ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే, రోమింగ్‌లో మీరు ఎత్తని కాల్‌కి కూడా బిల్లు పడొచ్చు. రెండు సిమ్‌ల మీదా ##002# కొట్టి తీసేయండి. మీ ఆవిడ వాట్సాప్‌ని ఐఫోన్‌లోకి మార్చడం ఇక్కడ ఉండగానే చేయండి, ధ్రువీకరణ కోడ్ జియోకి వెంటనే వస్తుంది. అక్కడ కొత్త నంబర్ వేశాక ‘నంబర్ మార్చాలా’ అని వాట్సాప్ అడిగితే వద్దనండి. జియో సిమ్‌ని రెడ్‌మిలోంచి తీస్తే అందులోని ఫోన్‌పే, గూగుల్‌పే మళ్లీ రిజిస్టర్ అవమంటాయి. ఆ పని తిరిగి వచ్చాక చూసుకోవచ్చు. మీ ఎయిర్‌టెల్‌ని మాత్రం ఎస్23లోంచి కదపకండి, స్లాట్ కూడా మార్చకండి. యూపీఐ మళ్లీ నమోదు కావాలంటే ఆ సిమ్ నుంచే ఎస్సెమ్మెస్ వెళ్లాలి. రోమింగ్‌లో అది వెళ్లడం కష్టం, వెళ్తే ఛార్జీ.

కాంటాక్టుల్లో నంబర్లన్నీ ముందు +91 ఉండేలా సరిచెయ్యండి. అమెరికా నంబర్లూ పది అంకెలే కదా. హైదరాబాద్‌లో 984తో మొదలయ్యే నంబర్లు కోకొల్లలు, అక్కడ 984 నార్త్ కరోలినా ఏరియా కోడ్. +91 లేకుండా మీ తమ్ముడికి కొడితే, అక్కడి ర్యాలీ అనే ఊళ్లో ఎవరో పాపం నిద్రకళ్లతో హలో అంటారు.

ఛార్జర్ మీద 100-240 అని అచ్చు ఉంటే అక్కడి 120 వోల్టులకి సరిపోతుంది. పిన్ను మారుతుంది, రెండు చదును పిన్నుల అడాప్టర్ కోఠిలో ఏ షాపులోనైనా దొరుకుతుంది.

తిరిగొచ్చేసరికి ఐఫోన్ లాక్ పోయి ఉంటే, జియోని ఈ-సిమ్ చేసుకోవడానికి షాపు అక్కర్లేదు. అబౌట్ పేజీలో 32 అంకెల ఈఐడీ (ఈ-సిమ్ గుర్తింపు నంబర్), ఈ-సిమ్ ఐఎంఈఐ రాసుకోండి. జియో సిమ్‌ని రెడ్‌మిలో వేసి, ఇంగ్లిష్ అక్షరాల్లో ‘గెట్ఈసిమ్’ అని కలిపి కొట్టి, ఖాళీ వదిలి ఈఐడీ, మళ్లీ ఖాళీ వదిలి ఐఎంఈఐ వేసి 199కి పంపండి. తర్వాత ఏం చెయ్యాలో జియోనే మెసేజ్‌లో చెబుతుంది. సిమ్ మారిన తర్వాత 24 గంటలు ఆ నంబర్‌కి ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి, మోసాలు జరగకుండా పెట్టిన నిబంధన అది. కరెంటు బిల్లో, ఎల్ఐసీ ప్రీమియమో కట్టాల్సిన రోజున మాత్రం ఈ పని పెట్టుకోకండి.